ఎంతవరకు ఎడ్జస్ట్ అవ్వాలి అయ్యగారూ?



ఈ వారం ఒక ఇంగ్లీషు మాట గురించి రాస్తున్నాము. అయ్యగారు వాక్యం మానేసి ఇంగ్లీషు పాఠం మొదలెట్టారేమిటని నవ్వుకోకండి. ఆ మాట మన నోళ్ళలో పడి, ఇంగ్లీషు వాసన పోగొట్టుకుని చాలా కాలమైంది. బడి గుమ్మం ఎక్కని ముసలమ్మలు కూడా రోజుకు పదిసార్లు అంటారు. ఎడ్జస్ట్. పట్నంలో చదువుకున్నవాళ్ళు అడ్జస్ట్ అంటారు గాని మన అనకాపల్లి వైపు ఎడ్జస్టే. మేమూ అలాగే రాస్తాము.

తుని వైపు వెళ్ళే పాసింజరు బండి అనకాపల్లి స్టేషన్లో ఆగుతుంది. ముగ్గురు కూర్చునే బల్ల మీద అప్పటికే నలుగురుంటారు. చంటిబిడ్డతో ఒక తల్లి ఎక్కి, "కొంచెం ఎడ్జస్ట్ అవ్వండి బాబూ" అంటుంది. నలుగురూ తలా బెత్తెడు జరుగుతారు. కసింకోట దాటి ఎలమంచిలి వచ్చేసరికి ఆ బిడ్డ ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దాయన ఒళ్ళో నిద్రపోతూ ఉంటుంది. కిరాణా కొట్టులో రెండు రూపాయలు చిల్లర లేకపోతే చేతిలో చాక్లెట్టు పెట్టి ఎడ్జస్ట్ చేసుకోమంటారు. నెలాఖరున పక్కింటాయన వచ్చి ఒక రెండు వేలు ఎడ్జస్ట్ చేయండి అంటాడు. అది అప్పు అని ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు. మెకానిక్ బండి బ్రేకు ఎడ్జస్ట్ చేస్తాడు. ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు మా కుర్రాడొకడు మైకు స్టాండు ఎడ్జస్ట్ చేస్తాడు, ఎంత చేసినా అది కీచుమంటూనే ఉంటుంది. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు చెబుతారు, అక్కడ కన్నడంలో "స్వల్ప ఎడ్జస్ట్ మాడి" అనకుండా ఊరు నడవదట.

ఇన్ని పనులు చేసే మాట రాకముందు మనవాళ్ళు ఏమనేవారు? రైల్లో "జరగండి" అనేవారు. అప్పు కావలసినప్పుడు "సర్దండి" అనేవారు. బ్రేకు పాడైతే "సరిచెయ్యి" అనేవారు. అత్తింట్లో కష్టం ఉందని కూతురు ఏడిస్తే "ఓర్చుకో" అనేవారు. నాలుగు పనులకు నాలుగు మాటలు. ఎడ్జస్ట్ వచ్చి ఆ నాలుగింటినీ మింగేసింది. ఇందులో మొదటి మూడింటితో మాకు పేచీ లేదు. నాలుగోదాని దగ్గరే చిక్కు. "ఓర్చుకో" అని ఒక మనిషి మొహం మీద చెప్పాలంటే, చెప్పేవాడి నోరు కొంచెమైనా తడబడుతుంది. ఆ మాటలో నొప్పి ఉంది. ఎదుటి మనిషికి నొప్పి కలుగుతోందని మనం ఒప్పుకుంటేనే ఆ మాట అనగలం. "ఎడ్జస్ట్ అవ్వమ్మా" అనడానికి అలాంటి అడ్డేమీ లేదు. అదేదో మైకు స్టాండు సంగతి అయినట్టు తేలిగ్గా వచ్చేస్తుంది.

అంత తేలిగ్గానే మేము ఒక బిడ్డకు ఆ మాట చెప్పి, చేయకూడని పని చేశాము. ఆ బిడ్డ అనుమతితోనే ఇది రాస్తున్నాము. పేరు, ఊరు రాయము. మీలో తెలిసినవాళ్ళు ఉంటే తెలిసినట్టు ఉండవద్దు.

ఆమె మా సండే స్కూల్లో పెరిగిన పిల్ల. తండ్రి శారదా నది ఒడ్డున గానుగల దగ్గర బెల్లం వండే పనిలో ఉంటాడు. డిగ్రీ చదివింది. పెళ్ళి మేమే చేశాము. అల్లుడు కంపెనీలో కాంట్రాక్టు పని, మంచి సంబంధమనే అందరం అనుకున్నాము. పెళ్ళైన రెండో సంక్రాంతికి, భోగి ముందు రోజు సాయంత్రం ఒక చేతిసంచితో మా ఇంటికి వచ్చింది. పుట్టింటికి వెళ్ళకుండా ముందు మా గుమ్మంలోకే వచ్చింది. అతను తాగుతున్నాడు, చెయ్యి చేసుకుంటున్నాడు, ఫోను లాక్కున్నాడు, ఆమె చదువు సర్టిఫికెట్లు ఎక్కడో దాచేశాడు. ఇదంతా తలొంచుకుని చెప్పింది.

మేము ప్రార్థన చేశాము. కన్నీళ్ళతోనే చేశాము, అందులో అబద్ధం లేదు. ఆ తర్వాత ఆదికాండము తెరిచి హాగరు సంగతి చెప్పాము. శారయి పెట్టే బాధ తట్టుకోలేక హాగరు అరణ్యంలోకి పారిపోతే, దేవదూత ఎదురై, తిరిగి వెళ్ళి లోబడి ఉండమని చెప్పిన పదహారో అధ్యాయం. "కొత్తలో ఇలాగే ఉంటుందమ్మా. కొంచెం ఎడ్జస్ట్ అయిపో. నీ ఓర్పు చూసి అతనే మారతాడు" అన్నాము. పండగ మూడు రోజులూ పుట్టింట్లో ఉంచి, ముక్కనుమ మర్నాడు మేమే ఆటోలో తీసుకెళ్ళి అత్తింట్లో దింపి వచ్చాము. అత్తగారు కాఫీ ఇచ్చింది. తాగి వచ్చాము. దారిలో, ఒక కాపురం నిలబెట్టామని దేవునికి స్తోత్రం కూడా చెప్పుకున్నాము.

మా ఇంట్లో ఆవిడ, మీరంతా అమ్మగారు అని పిలిచే మనిషి, ఆ రోజు ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదని మేము అడగలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఉదయం ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. కుడి మణికట్టుకు కట్టు ఉంది. ఎముక విరిగింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అని ఉంటే బాగుండేది. చాప మీద కూర్చుని చాలాసేపు కట్టు వైపే చూసుకుని, నెమ్మదిగా అడిగింది: "ఎడ్జస్ట్ అవ్వమన్నారు కదా అయ్యగారూ. ఎంతవరకు అవ్వాలండీ? కొలత ఏదైనా ఉందా?"

మాకు జవాబు రాలేదు. ఇరవై ఏళ్ళుగా వాక్యం చెబుతున్నవాళ్ళము, ఒక్క మాటకు కొలత చెప్పలేకపోయాము. మా ఇంట్లో ఆవిడే లేచి, ఆ పిల్లను లోపలికి తీసుకెళ్ళి అన్నం కలిపి తినిపించింది. చెయ్యి కట్టులో ఉంది కదా.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ మాట అర్థం వెతకడం మొదలుపెట్టాము. సంఘంలో ఒక బిడ్డ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. అతని దగ్గర మాటల పుట్టుకలు చెప్పే పెద్ద నిఘంటువు ఉంది. రెండు వారాలు అది మా బల్ల మీదే ఉంది. అందులో చదివినది మాకు అర్థమైనంతవరకు చెబుతాము.

ఎడ్జస్ట్ అన్న మాట ఇంగ్లీషువారికి ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచివారికి లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో "అద్" అంటే వైపుకు, "యుక్‌స్తా" అంటే దగ్గర, పక్కన. ఆ రెండూ కలిస్తే "పక్కకు చేర్చు, దగ్గరకు తీసుకొచ్చు" అని అర్థం. ఎడ్జస్ట్ అసలు అర్థం అదే, దగ్గర చేయడం. రైల్లో తలా బెత్తెడు జరిగి చంటిబిడ్డ తల్లిని తమ పక్కన కూర్చోబెట్టుకున్న ఆ నలుగురు, తెలియకుండానే ఈ మాటను దాని పుట్టింటి అర్థంలో వాడారన్నమాట.

తర్వాత ఒక పొరపాటు జరిగింది. మంచి పొరపాటు. లాటిన్‌లో "యుస్తుస్" అని ఇంకో మాట ఉంది. న్యాయమైనది, సరైనది అని దాని అర్థం. ఇంగ్లీషులో న్యాయానికి వాడే జస్ట్, జస్టిస్ అన్న మాటలు అక్కడివే. ఎడ్జస్ట్‌లో కూడా జస్ట్ అన్న శబ్దం వినబడేసరికి జనం ఈ రెండూ ఒకటే కుదురు అనుకున్నారు. కుదుర్లు వేరైనా అర్థాలు కలిసిపోయాయి. దగ్గర చేయడం అన్న మాటలోకి సరిచేయడం, న్యాయంగా ఉండేటట్టు చేయడం అన్న అర్థం వచ్చి చేరింది. దాన్ని అలా వాడడం మొదలైంది వస్తువుల మీద: త్రాసును, గడియారాన్ని, లెక్కల్ని ఎడ్జస్ట్ చేసేవారు. పద్దెనిమిదో శతాబ్దానికి ఇన్సూరెన్సులోకి వెళ్ళింది. నష్టపోయినవాడికి ఎంత రావాలో తేల్చి ఇవ్వడాన్ని ఎడ్జస్ట్ చేయడం అన్నారు. ఆ పని చేసేవాళ్ళను ఈనాటికీ ఎడ్జస్టర్లు అనే అంటారు.

మరి మనిషి తానే పరిస్థితికి అలవాటు పడిపోవడం అన్న అర్థం? అది చాలా ఆలస్యంగా, ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన అర్థం. అన్నిటికంటే చిన్నది, ఆఖరున పుట్టినది. మనం ఆ మాటను ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని, ఆ ఆఖరి అర్థాన్నే పట్టుకుని, దాన్ని మన ఆడపిల్లల తల మీద పెట్టాము.

త్రాసు అని చదవగానే మాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీ. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మనది ఒకటని మీకు తెలుసు. గానుగలాట మొదలైతే మార్కెట్ యార్డు నిండా దిమ్మలే, ఈగలే, తియ్యటి వాసనే. మేము బడి నుంచి నాన్నకు క్యారేజీ తీసుకెళ్ళేవాళ్ళము. ఇప్పుడంటే అంకెలు వెలిగే కరెంటు కాటాలు వచ్చాయి గాని, అప్పుడు త్రాసులు, ఇనుప రాళ్ళు. ఒకరోజు నాన్న ఒక తూకపు రాయిని తిరగేసి చూపించారు. అడుగున చిన్న గుంట, అందులో బూడిదరంగు లోహం, దాని మీద ముద్ర.

"ఏటి నాన్నా ఇది?"

"సీసంరా. రాయి అరిగిపోయి బరువు తగ్గిందనుకో, ఇందులో ఇంకాస్త సీసం పోస్తారు. ఎక్కువుందనుకో, గీకేస్తారు. సరిపోయాక సర్కారోడు ముద్ర ఏస్తాడు. ముద్ర లేని రాయితో తూస్తే ఒప్పుకోకూడదు."

తూనికలు కొలతల శాఖవాళ్ళు ఇప్పటికీ చేసేది అదే. చట్టం కొత్తది, 2009 నాటిది, పని పాతదే. రాయిని అసలు కొలతతో పోల్చి చూడాలి, తేడా ఉంటే సరిచేయాలి, ముద్ర వేయాలి. ఆ మధ్యలో చేసే పనికి ఇంగ్లీషులో వాడే మాట ఎడ్జస్ట్. నలభై ఏళ్ళ కిందట మా నాన్న మా చేతిలో పెట్టి చూపించినదాన్ని, ఇప్పుడు నిఘంటువులో చదువుకుంటున్నాము.

ఇక్కడ మేము చాలాసేపు ఆగిపోయాము. అరిగిపోయిన రాయికి సీసం పోస్తారు. బరువెక్కిన రాయిని గీకుతారు. అరిగిన రాయిని ఇంకా గీకడం ఎక్కడా లేదు.

నాణేల దగ్గరా ఇంతే. అమెరికాలో 1790లలో కొట్టిన తొలి వెండి డాలర్లు కొన్నింటి మీద సన్నటి గీతలు కనిపిస్తాయి. ముద్ర కొట్టకముందు వెండి బిళ్ళలను ఒక్కొక్కటీ తూచేవారు. బరువు ఎక్కువున్న బిళ్ళను ఆకురాయితో రాసి సరైన బరువుకు దించేవారు. ఆ రాత గీతలే ఇప్పటికీ నాణెం మీద మిగిలిపోయాయి. వాటిని ఎడ్జస్ట్ చేసిన గుర్తులు అనే పిలుస్తారు. మరి బరువు తక్కువున్న బిళ్ళ? దాన్ని ఆకురాయి దగ్గరకే పంపరు. తిరిగి కరిగిస్తారు. తక్కువున్నదాని దగ్గర తీసుకోవడానికి ఏముంటుంది?

ఆ పిల్ల అడిగిన కొలత మాకు అక్కడ కనిపించింది. ఎడ్జస్ట్ అనే పని ఎక్కువున్నవాడి దగ్గర మొదలవ్వాలి. ఆ ఇంట్లో బలం ఎవరిది? జీతం, ఫోను, తాళాలు, ఊళ్ళో మాట ఎవరివి? ఇవన్నీ అతని దగ్గర ఉంటే, ఆకురాయి పట్టుకుని మేము వెళ్ళింది ఎవరి దగ్గరకు?

మనకు తెలిసిన మిగతా చోట్ల ఇది సరిగ్గానే జరుగుతోంది, అదే విచిత్రం. ఎన్నికలప్పుడు పార్టీలు సీట్ల సర్దుబాటు చేసుకుంటే, ఎక్కువ సీట్లున్న పెద్ద పార్టీ కొన్ని వదులుకుంటుంది. మన రాష్ట్రంలో టీచర్ల పని సర్దుబాటు అంటే, మిగులు టీచర్లున్న బడి నుంచి కొరత ఉన్న బడికి పంపడం. ఒక్క టీచరున్న బడి నుంచి ఆ ఒక్కరినీ తీసేయడాన్ని ఎవరూ సర్దుబాటు అనరు. బైబిల్లోనూ అంతే. అబ్రాము కాపరులకూ లోతు కాపరులకూ తగాదా వచ్చినప్పుడు, పెద్దవాడు, వాగ్దానం పొందినవాడు అయిన అబ్రామే వెనక్కి తగ్గి, నీకు నచ్చిన వైపు నువ్వు తీసుకో అన్నాడు. చిన్నవాడివి, నువ్వే ఎడ్జస్ట్ అవ్వు అనలేదు.

ఇల్లు దగ్గరకు వచ్చేసరికి మాత్రం లెక్క తిరగబడుతుంది. ఇల్లే కాదు. 2024 ఆగస్టులో కేరళ ప్రభుత్వం బయటపెట్టిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక గురించి పేపర్లో చదివే ఉంటారు. మలయాళ సినిమాల్లో పని వెతుక్కుంటూ వచ్చే ఆడవాళ్ళకు ముందుగా వినబడే మాటల్లో ఎడ్జస్ట్‌మెంట్ ఒకటని అందులో ఉంది. దాని అర్థం ఏమిటో ఇక్కడ వివరించము, పిల్లలు కూడా చదువుతారు. పేదింటి పిల్లను అడగకూడనిది అడగడానికి కూడా ఈ మాటే పనికొచ్చింది.

ఇంకొక్క సంగతి చెప్పి మాటల గొడవ ఆపుతాము. యుక్‌స్తా అన్న లాటిన్ మాట, కలుపు అనే అర్థమున్న ఇంకో పాత మాటకు చుట్టం. ఆ పాత వేరు నుంచే ఇంగ్లీషులో కాడికి వాడే యోక్ అన్న మాట, సంస్కృతంలో యోగం, యుగం అన్న మాటలు వచ్చాయి. సంస్కృతంలో యుగం అంటే కాడి అని కూడా అర్థం. గ్రీకులో అదే వేరు నుంచి వచ్చిన మాట "జుగోస్". మేము బైబిలు కాలేజీలో గ్రీకు ఏదో పరీక్ష గట్టెక్కేంత చదివాము, అయినా ఈ మాట గుర్తుంది. యేసు ప్రభువు తన కాడి సుళువైనదని చెప్పిన చోట ఉన్నది ఆ మాటే. విచిత్రమేమిటంటే గ్రీకులో త్రాసుకూ అదే మాట. ప్రకటన గ్రంథంలో నల్లగుర్రం మీద వచ్చేవాని చేతిలో ఉన్న త్రాసు కూడా జుగోసే. లేవీయకాండము పందొమ్మిదో అధ్యాయంలో న్యాయమైన త్రాసులు ఉంచుకోమన్న ఆజ్ఞను గ్రీకులోకి తిప్పినవాళ్ళు కూడా ఆ మాటే వాడారు. కాడీ త్రాసూ చూడండి, రెండింటికీ మధ్యలో ఒక కర్ర, రెండు పక్కలా రెండు బరువులు. ఒక పక్కకు ఒరిగిపోతే కాడి ఎద్దు మెడ మీద పుండు చేస్తుంది. దున్నేవాళ్ళను అడగండి, మాకంటే బాగా చెబుతారు. పుండు పడిన ఎద్దును ఎడ్జస్ట్ అవ్వమని చెప్పే రైతు ఉండడు. కాడినే సరిచేస్తాడు.

హాగరు సంగతికి వద్దాము. ఆ రోజు మేము పదహారో అధ్యాయం చెప్పి పుస్తకం మూసేశాము. ఇరవై ఒకటో అధ్యాయం కూడా ఉంది. అక్కడ హాగరు మళ్ళీ అరణ్యంలోనే ఉంటుంది. తిత్తిలో నీళ్ళు అయిపోతాయి. బిడ్డ చావు చూడలేక దూరంగా వెళ్ళి కూర్చుని ఏడుస్తుంది. అప్పుడు దేవుడు ఆ చిన్నవాని మొర విన్నాడు. ఈసారి తిరిగి వెళ్ళమని చెప్పలేదు. ఆమె కళ్ళు తెరిపించి, నీళ్ళ బావి చూపించాడు. రెండు అధ్యాయాలూ మా బైబిల్లో ఉన్నాయి. రెండూ మాకు కంఠతా వచ్చు. కాపురం నిలబెట్టాలన్న తొందరలో, మాకు కావలసినది మేము చదివాము. ఇది మేము సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాము, మీలో ఆ ఆదివారం వచ్చినవాళ్ళకు తెలుసు. ఫోనులో చదివేవాళ్ళ కోసం మళ్ళీ ఒప్పుకుంటున్నాము.

ఆటోలో ఎందుకు మాట్లాడలేదని ఆ తర్వాత మా ఇంట్లో ఆవిడను అడిగాము. "మీరు స్తోత్రం చెబుతున్నారు. మధ్యలో ఏమని మాట్లాడను?" అంది.

ఆ పిల్ల ఇప్పుడు తల్లిదండ్రుల దగ్గరే ఉంది. మహిళల కోసం ఉన్న 181 నంబరుకు ఫోను చేసింది మా ఇంటి నుంచే. గృహహింస నుంచి ఆడవాళ్ళకు రక్షణ కోసం 2005లో చేసిన చట్టం ఒకటుందని, భర్త ఇంట్లో ఉండే హక్కును కూడా అది ఆమెకు ఇస్తుందని, ఆ మూలంగానే మేమూ తెలుసుకున్నాము. ఇన్నేళ్ళు పెళ్ళిళ్ళు చేసినవాళ్ళము, ఇది తెలియకుండానే చేశాము. ఆ నంబరు ఇప్పుడు మందిరం గోడ మీద, ప్రార్థన కూడికల వేళల పక్కనే రాసి ఉంది. ఒకరిద్దరు పెద్దలకు నచ్చలేదు. మందిరం గోడ మీద అవన్నీ ఎందుకు అయ్యగారూ అన్నారు. చెరపలేదు.

కేసు నడుస్తోంది. మణికట్టు కలిసింది గాని చలికాలంలో నొప్పి వస్తుందట. కుట్టు మిషను మీద ఎక్కువసేపు కూర్చోలేదు. అందుకని ఒక ప్యాకింగు పనిలో చేరింది, షిఫ్టుల మీద వెళ్తోంది.

కిందటి నెలలో ఆ అబ్బాయి మా దగ్గరకు వచ్చాడు. ఆ రోజు తాగి లేడు. చిక్కిపోయాడు. లోపలికి రమ్మని కుర్చీ వేశాము, అతని పెళ్ళి కూడా మేము చేసిందే కదా. "మీరొక్క మాట సెప్పండి అయ్యగారూ. మీరు సెబితే ఎడ్జస్ట్ అయిపోద్ది" అన్నాడు.

"నువ్వు ఎంత ఎడ్జస్ట్ అవుతావు బాబూ?" అని అడిగాము.

అతను మా మొహంలోకి అయోమయంగా చూశాడు. "నేనా? నేనేటి ఎడ్జస్ట్ అవ్వాలండీ?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్న అతన్ని పుట్టిన దగ్గర నుంచి ఎవరూ అడగలేదు. మేము కూడా అడగలేదు. పెళ్ళి నాడు వధూవరుల మధ్య నిలబడి, ఇద్దరికీ కలిపి చెబుతున్నామనుకుంటూ ఆ పిల్ల వైపే తిరిగి ప్రసంగం చేసినవాళ్ళము.

అప్పుడు అతనితో కూర్చుని ఒక్కొక్కటీ చెప్పాము. ముందు ఆమె సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వాలి. తాగుడు మాన్పించే వైద్యుడి దగ్గరకు మేము తీసుకెళ్తాము, రావాలి. కోర్టు వాయిదాలకు తప్పించుకోకుండా వెళ్ళాలి. ఆమె రానంటే రానట్టే, ఆ మాట మేము ఆమెకు చెప్పము, ఆమెను అడగము. అతను టీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. కోపమొచ్చింది. మేము ఇంక రాడనుకున్నాము.

పది రోజులకు మళ్ళీ వచ్చి గేటు దగ్గరే నిలబడి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన సర్టిఫికెట్లు మా ఇంట్లో ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళాడు. వైద్యుడి దగ్గరకు ఇంకా రాలేదు. ఇద్దరి కోసమూ ప్రార్థన చేయండి. కలిసి ఉండాలని చేయమనడం లేదు. ఏది న్యాయమో అది జరగాలని చేయండి.

మొన్న ఆదివారం ఆమె నైట్ షిఫ్టు దిగి సరాసరి మందిరానికి వచ్చింది. అప్పటికే రెండో పాట అయిపోయింది. ఆడవాళ్ళ వైపు చాపల మీద చోటు లేదు. ఆమె తలుపు దగ్గర నిలబడిపోయింది. ముందు వరసలో కూర్చునే ముసలమ్మ ఒకావిడ వెనక్కి తిరిగి చూసి, ప్రార్థన మధ్యలోనే గట్టిగా అంది: "జరగండర్రా, పిల్ల నిలబడిపోనాది."

చాప మీద అందరూ తలా బెత్తెడు జరిగారు.